ఫ్యాన్లు ముందు పెట్టు

ఐదో మలుపు దగ్గర రోడ్డు పని జరుగుతోంది. అక్కడ గేటు పెట్టారు. పైనుంచి వచ్చే బండ్లు దిగేదాకా కిందివాళ్లు ఆగాలి. ఆ రోజు పావుగంట ఆగాను. పన్నెండో నిమిషానికి బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

బండిలో నలుగురున్నారు. ముందు కూర్చున్నాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "కాలిపోతోందా?" అన్నాడు.

"కాగుతోంది," అన్నాను.

నలుగురూ దిగిపోయారు. వెనక బండివాడు అద్దం దించి వాళ్లని పిలుచుకున్నాడు. గేటు తీశాక నా పక్కనుంచి పోతూ, "బాబాయ్, రెండు టీ. ఒకటి చక్కెర లేకుండా," అని అరిచాడు. స్టాండులో నా బండి పేరు కెటిల్. నా పేరు కెటిల్ బాబాయ్. నేను వాళ్లెవరికీ బాబాయ్‌ని కాను.

స్టాండు కొండ కింద ఉంది, ఊరు కొండ మీద. మధ్యలో పద్నాలుగు మలుపులు. పదహారు బండ్లు వంతుల ప్రకారం ఎక్కి దిగుతాయి. వంతులు చూసేవాడు మెడలో విజిల్ వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరికీ విజిలన్న అయ్యాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. సాయంత్రం నేను స్టాండుకి దిగేసరికి చెట్టు కింద బల్ల మీద నాకోసమే కూర్చుని ఉన్నాడు.

"మూడైంది అన్నా," అన్నాడు.

"లెక్క నాకూ వచ్చు."

"ఒక ఎండాకాలంలో మూడుసార్లు దారిలో ఆవిరి కక్కితే ఆ బండి నంబరు ఇంకొకరికి. రూలు నేను పెట్టింది కాదు."

"నాకు చెప్పకు. ఆ కాగితం మీద నా సంతకమే మొదటిది."

సంతకం పెట్టినప్పుడు నా బండి ఒక్కసారి కూడా కాగలేదు. ఇంకొకడి బండిని పంపించడానికి పెట్టాను. అందుకు నాకు విచారం లేదు. కాగే బండి కొండ ఎక్కకూడదు. నా బండి కాగకూడదు, అంతే.

విజిలన్న గొంతు తగ్గించాడు. "నా రెండో బండి ఖాళీగా ఉంది. తాళం ఇస్తా. నీ వయసులో ఈ రిపేర్లెందుకు? హాయిగా నడుపుకో."

"ముప్పై ఒక్క ఏళ్లుగా నా జేబులో నా తాళమే ఉంది. ఇంకొకడి తాళం పట్టుకుని వాడికి ఎక్కడున్నానో, ఎందుకాగానో చెప్పుకునే రోజు వస్తే స్టీరింగ్ వదిలేస్తాను."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు," అన్నాడు వాడు.

"నాలుగో కాలు చూపించు, ఒప్పుకుంటా. పది రోజులివ్వు. నిండు బరువేసుకుని, నువ్వు పక్కన కూర్చో. పైదాకా ఎక్కుతాను. ఆవిరి కనపడితే నేనే నంబరు చెరిపేసుకుని పోతాను."

వాడు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. "పది రోజులు. పదకొండో రోజు అడక్కు."

*

జబ్బేమిటో నాకు తెలుసు. వేడి మీద ఇంజన్ ఆపి, రేడియేటర్ వెనకున్న రెక్కని వేలితో తిప్పాను. మూడు చుట్లు తిరిగింది. తిరగకూడదు. ఆ రెక్క మధ్యలో ఒక క్లచ్చు ఉంటుంది. వేడెక్కితే లోపలి నూనె చిక్కబడి రెక్కని ఇంజన్‌తో పాటు లాక్కుపోవాలి. మాది నూనె కారిపోయి ఉత్తినే ఊగుతోంది. బెల్టు తిరుగుతున్నా రెక్క దాని ఇష్టానికి తిరుగుతుంది. అలాంటి మనుషుల్ని చూశాను.

ఆ క్లచ్చు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. నాలుగు షాపుల్లో అడిగాను. ఒకడు బండి ఏ సంవత్సరానిదో విని, "ఇది నాకంటే పెద్దది, దండం పెట్టాలా?" అన్నాడు.

ఇంటికి వచ్చి మా అమ్మాయికి చెప్పాను. దానికి ఇరవై ఎనిమిదేళ్లు. బండ్లకి కరెంటు పని చేస్తుంది. ఎక్కడ నేర్చుకుందని అడిగితే నాకు కోపం వస్తుంది కాబట్టి ఎవరూ నా ముందు అడగరు. వాళ్ల మామయ్య షాపులో నేర్చుకుంది. అంటే నా బావమరిది దగ్గర.

"ఆ రెక్కనే తీసి పారేద్దాం నాన్నా," అంది. "కరెంటు ఫ్యాన్లు రెండు పెడదాం."

"బండికి ఫ్యాన్లేమిటి, సెలూన్ పెడుతున్నామా?"

"నవ్వు రాలేదు. విను. నీ రెక్క ఇంజన్ ఎంత తిరిగితే అంతే తిరుగుతుంది. గేటు దగ్గర ఇంజన్ కునుకు తీస్తే అదీ కునుకు తీస్తుంది. కొత్త క్లచ్చు దొరికినా ఇదే గొడవ. కరెంటు ఫ్యాన్‌కి ఇంజన్‌తో పని లేదు. నీళ్లు వేడెక్కాయంటే తిరుగుతుంది. చల్లబడ్డాయంటే ఆగుతుంది. పైగా ఎక్కేటప్పుడు ఇంజన్ ఆ రెక్క బరువు మోయక్కర్లేదు."

"కరెంటు సరిపోతుందా?"

"డైనమో పెద్దది వేస్తాను. వైరు లావుది లాగుతాను. నువ్వు హెడ్‌లైట్లు వేసి హారన్ కొట్టినా సరిపోతుంది. నువ్వెలాగూ హారన్ మానవు."

మరో ఇద్దరు మెకానిక్కులని అడిగి చూశాను. కంపెనీవాడి కంటే నీ కూతురికి ఎక్కువ తెలుసా అన్నారు. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది. కంపెనీవాడు ఐదో మలుపు గేటు దగ్గర పావుగంట నిలబడలేదు.

ఫ్యాన్లు తుక్కు గోదాములో దొరికాయి. వెనకనుంచి గుద్దేసిన ఒక కొత్త కారువి. ముందుభాగం చెక్కు చెదరలేదు. అమ్మాయి వాటిని బ్యాటరీకి తగిలించి చూసి, మోతకి చెవి పెట్టి, "ఇవి మనవి," అంది. పని చెయ్యాలంటే బానెట్ కింద చట్రం కట్టాలి, వెల్డింగు కావాలి, బండి కింద దూరి పని చేసే గుంట కావాలి. అవన్నీ ఉన్నది ఒక్కచోటే.

"మామయ్య ఏమీ అనడు," అంది.

"వాడు అంటాడో లేదో నాకెందుకు?"

*

ఇక్కడ ఆ సంగతి చెప్పాలి. ఒకసారే చెప్తాను.

మూడేళ్ల కిందట నా భార్య వంటింట్లో పడిపోయింది. నోరు ఒక పక్కకి పోయింది. పొద్దున తొమ్మిదిన్నర. నా బండి ఇంజన్ విప్పి బావమరిది షాపులో ఉంది. ముందురోజు సాయంత్రానికి ఇస్తానన్నాడు, ఇవ్వలేదు. వాడికి జీపు ఉంది. ఫోన్ చేసి, మీ అక్క పడిపోయింది, జీపు తే అన్నాను. వస్తున్నా బావా అన్నాడు. రెండు గంటల తర్వాత వచ్చాడు. ఎవరిదో గేర్‌బాక్సు విప్పి ఉంటే మూసి వచ్చాడు. అక్క కళ్లు తిరిగి పడిపోయిందనుకున్నాడట. అంతలో వీధిలో గానీ స్టాండులో గానీ ఏ బండీ దొరకలేదు. పైన ఆసుపత్రిలో ఆమె నాలుగు రోజులుంది. రెండు గంటలు ముందొచ్చినా పెద్ద తేడా ఉండేది కాదని డాక్టరు అన్నాడు. అది వాడికి కావలసిన మాట. వాడు తీసుకున్నాడు. నేను తీసుకోలేదు.

ఆ రోజు నుంచి వాడితో మాట లేదు. వాడు ఎదురొస్తే రోడ్డు దాటతాను. అమ్మాయి వాడి దగ్గర పని మానలేదు. మానమని నేను అడగలేదు. అడిగితే మానదని తెలుసు.

షాపు గడప తొక్కనని చెప్పి ఉన్నాను. బండి తొక్కితే నాకు అభ్యంతరం లేదు. గేటు దాకా తోలి, తాళం బండిలోనే వదిలి వచ్చేవాణ్ని.

ఆ వారం అమ్మాయి వేడికి ఆన్ అయ్యే స్విచ్చు కోసం పక్క ఊరు పోయింది. రెండు రోజులు. బండికి మరో రెండు పనులు కూడా చెప్పి ఉంది: డిక్కీ తలుపు బిగించడం, హారన్ మార్చడం. బావమరిదికి పని చేతిలో పడితే సులువైంది ముందు చేసి, కష్టమైంది చివరికి నెడతాడు. పది రోజుల్లో నాలుగు అయిపోయాయి. వాడు షాపులో ఎవరి బండి కిందో పడుకుని ఉన్నాడు. కాళ్లు కనపడుతున్నాయి. పిలిస్తే వినపడే దూరం. పిలవలేదు. చీటీ రాసి వైపరు కింద పెట్టాను.

మా ఊరి బడిలో మాస్టారు ఒకటే నేర్పాడు: తక్కువ రాయి, తక్కువ తప్పులు పడతాయి. చీటీలో మూడు మాటలు రాశాను. "ఫ్యాన్లు ముందు పెట్టు."

ఎనిమిదో రోజున బండి తయారైంది. అమ్మాయి వైర్లు లాగింది, ఫ్యూజులు పెట్టింది, గేటు బయటికి తెచ్చి బానెట్ ఎత్తి చూపించింది. వెనకున్న పాత రెక్క లేదు. ఆ చోటు పన్ను ఊడినట్టు ఉంది. కొత్త ఫ్యాన్లు రెండూ రేడియేటర్‌కి ముందువైపు, జాలీ వెనకాల ఉన్నాయి. వెనక అంత జాగా ఉండగా ముందెందుకు పెట్టారో అనుకున్నాను. వాటర్ పంపుకి తగులుతాయేమో అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. చట్రం వెల్డింగు వాడిది. గీసిన గీతలా ఉంది. వాడి చేతిపనికి వంక పెట్టలేం, దాంతోనే బతుకుతున్నాడు.

అరగంట ఇంజన్ ఆన్‌లో ఉంచి, వేడి చూపే ముల్లునే చూస్తూ నిలబడ్డాం. ముల్లు సగం దాటింది. టక్కుమని స్విచ్చు పడింది, ఫ్యాన్లు రెండూ హోరెత్తాయి, ముల్లు దిగింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ దిగింది. అమ్మాయి నావైపు చూసింది. ఆ చూపు వాళ్లమ్మది.

"ఊఁ," అన్నాను. నా నోట్లోంచి వచ్చే పెద్ద మెప్పు అదే. దానికి తెలుసు.

*

పదో రోజు పొద్దున పదింటికి, ఎండ బాగా ముదిరాక, విజిలన్న నా పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో ముగ్గురు మనుషుల బరువుకి ఇసుక బస్తాలు వేశాం.

"ఇసుకెందుకు, మనవాళ్లే కూర్చుంటారుగా?" అన్నాడు.

"ఇసుక నోరు మూసుకుని ఉంటుంది."

స్టాండులో అందరూ లేచి నిలబడ్డారు. ఒకడు టీ గ్లాసు ఎత్తి చూపించాడు. చూడలేదు.

నాలుగు మలుపులు బాగానే ఎక్కింది. ఐదో మలుపులో గేటు వేసి ఉంది. ఆగాం. ముల్లు మెల్లగా లేచింది. సగం దాటగానే ఫ్యాన్లు హోరెత్తాయి. విజిలన్న నా మీదినుంచి వంగి ముల్లునే చూస్తున్నాడు. అది దిగింది. పద్దెనిమిది నిమిషాలు నిలబడ్డాం. మూడుసార్లు లేచి మూడుసార్లు దిగింది.

"పర్లేదే!" అన్నాడు. "నేనూ పెట్టించుకుంటానన్నా, నీ కూతుర్ని అడుగు."

"వరసలో నిలబడు."

గేటు తీశారు. రోడ్డు అక్కడినుంచి నున్నగా వేశారు కాబట్టి బండి ఊపందుకుంది. ఆరో మలుపు, ఏడు. ముల్లు సగం దాటింది. ఫ్యాన్లు అందుకున్నాయి. ముల్లు దిగలేదు. ఎనిమిదో మలుపు. ముల్లు ఇంకా లేచింది. ఎర్రగీతకి వేలెడు దూరంలో ఉంది.

నాకు అర్థం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ బండీ ఇలా చేయలేదు. నిలబడితే కాగి, కదిలితే చల్లబడేది బండి. ఇది నిలబడితే చల్లగా ఉంది, కదిలితే కాగుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నకొద్దీ ఎక్కువ కాగుతోంది.

"అన్నా," అన్నాడు విజిలన్న.

"కళ్లున్నాయి నాకు."

తొమ్మిదో మలుపులో రాళ్లు దించుకునే జాగా ఉంది. అక్కడికి తిప్పి ఆపాను.

"ఆగితే ఓడినట్టా?" అడిగాను.

వాడు బానెట్ వైపు చూశాడు. "ఆవిరి లేదు. ఆవిరి లేకపోతే లేదు. పది నిమిషాలిస్తా. ఆ తర్వాత నేను కింద ఏం చెప్పుకోవాలి?"

ఇంజన్ ఆపలేదు. దిగి బండి ముందుకు వెళ్లాను. ముఖానికి వేడిగాలి కొట్టింది. పొయ్యి ముందు నిలబడ్డట్టు. చేతిరుమాలు తీసి జాలీ ముందు పట్టుకున్నాను. గాలి లోపలికి పోతుంటే గుడ్డ జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. నావైపు ఎగిరింది.

ఫ్యాన్లు బయటికి ఊదుతున్నాయి. బండి కదలనప్పుడు గాలి ఎటు పోయినా రేడియేటర్ చల్లబడుతుంది. బండి పరుగెత్తితే ఎదురుగాలి లోపలికి తోస్తుంది, ఫ్యాన్లు బయటికి తోస్తాయి. రెండూ రేడియేటర్ దగ్గర తలలు ఢీకొని నిలబడతాయి. మధ్యలో నా నీళ్లు కాగుతాయి.

అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తారు. "హలో," అన్న గొంతు దానిది కాదు.

మూడేళ్లయింది ఆ గొంతు విని. ఫోన్ విజిలన్న చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"అమ్మాయికి ఇమ్మను."

వాడు స్పీకర్ నొక్కాడు. "అమ్మాయికి ఇమ్మంటున్నాడండీ."

"బ్యాటరీ ఇచ్చి రావడానికి పోయింది. ఫోన్ బల్ల మీదే వదిలేసింది. ఏమైందట? బండి ఎక్కడ?"

విజిలన్న నావైపు చూశాడు. నేను కొండవైపు చూశాను. "ఫ్యాన్లు బయటికి ఊదుతున్నాయని చెప్పు."

"ఫ్యాన్లు బయటికి..."

"వినపడింది. బయటికా?" అవతల నుదురు కొట్టుకున్న చప్పుడు. "అరె. అవి వెనకనుంచి గాలి లాగే ఫ్యాన్లు. ముందువైపు తిప్పి పెడితే బయటికే ఊదుతాయి. అమ్మాయి వైరు రంగులు చూసి పాత కారులో ఉన్నట్టే కలిపేసింది. నాకూ తట్టలేదు. అరె, అరె."

"అరె అంట," అన్నాడు విజిలన్న నాతో.

"వెనక పెట్టేవి ముందెందుకు పెట్టాడో అడుగు."

"బావే పెట్టమన్నాడని చెప్పండి! చీటీ రాసి పెట్టాడు. ఫ్యాన్లు ముందు పెట్టు అని."

"ముందు పెట్టు అంటే ముందు ఆ పని చూడు అని. డిక్కీ, హారన్ తర్వాత చూసుకోమని. ఆ మాత్రం తెలుగు రాదా అని అడుగు."

విజిలన్న నన్ను చూశాడు, ఫోన్‌ని చూశాడు. "ఏమండీ, ముందంటే మొదట అనట. మీరేమో ముందంటే ముందువైపు అనుకున్నారు."

"ముందంటే ముందే కదండీ! అందులో మొదట అని ఎక్కడుంది? నాకూ అనుమానం వచ్చింది. వెనక జాగా ఉందిగా, ముందెందుకు అని. బావ ఎన్నేళ్ల నుంచో తోలుతున్నాడు, ఏదో చూసే రాశాడు అనుకున్నా."

"ఒకమాట అడిగితే పోయేదిగా?"

"ఎవర్నండీ? నన్ను చూస్తే రోడ్డు దాటిపోయే మనిషినా?"

విజిలన్న ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు బానెట్ ఎత్తి చూడలేదా అన్నా?"

"చూశాను."

"మరి అడగలేదా?"

"నాలుగు నిమిషాలైంది," అన్నాను.

"ఇద్దరికీ కలిపి దేవుడు ఒక్కటే నోరిచ్చాడు. అది నా ముఖానికి తగిలించాడు." వాడు చెయ్యి తీశాడు. "ఇప్పుడేం చెయ్యాలండీ? త్వరగా చెప్పండి, నేనిక్కడ పోస్టుమాన్ ఉద్యోగం చేస్తున్నా."

"ఒక్కో ఫ్యాన్‌కి రెండు వైర్లుంటాయి. నీలం, నలుపు. వాటిని తారుమారు చేయమనండి. మోటారు తిరగబడి తిరుగుతుంది, గాలి లోపలికి పోతుంది. ముందు ఫ్యూజు పీకమనండి." అని ఆగాడు. "ముందు అంటే మొదట."

విజిలన్నకి నవ్వు వచ్చింది. నాకు రాలేదు.

ఫ్యూజు పీకాను. వైర్ల కొసలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. జాలీకీ రేడియేటర్‌కీ మధ్య చెయ్యి దూరడమే కష్టం. కుడి ఫ్యాన్‌వి ఊడాయి. ఎడమవి ఊడలేదు. కత్తి మొనతో కొసని పట్టుకున్న నాలుకలాంటి రేకు ఎత్తి లాగాను. మణికట్టు రేడియేటర్‌కి తగిలి చర్మం లేచింది. చెయ్యి తియ్యలేదు. తీస్తే మళ్లీ దూర్చాలి. నీలం చోట నలుపు, నలుపు చోట నీలం. ఫ్యూజు పెట్టాను. ఫ్యాన్లు ఆగి ఆగి మళ్లీ అందుకున్నాయి. మోత మారింది. రుమాలు పట్టుకున్నాను. పోయి జాలీకి అతుక్కుంది.

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు విజిలన్న.

ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. "రెక్కల వంపు తిరగబడి ఉంటుందని చెప్పండి. ఉండాల్సిన గాలి ఉండదు, ముప్పాతిక కూడా రాదు. రెండో గేరు దాటొద్దనండి. లోపల హీటర్ పూర్తిగా తిప్పి పెట్టమనండి, కొంత వేడి అటు పోతుంది. అద్దాలు దించుకోమనండి. పైకి చేరేదాకా ఫోన్ పెట్టెయ్యకండి. ముల్లు ఎక్కడుందో చెప్తూ ఉండండి."

"ఈ ఎండలో హీటరా?" విజిలన్న గొంతు పైకి పోయింది.

హీటర్ సంగతి నాకు వాడు చెప్పాలా? వాడు చెప్పక ముందే నా చెయ్యి మీట మీద ఉంది. పెట్టాను.

*

తొమ్మిది నుంచి పద్నాలుగో మలుపు దాకా రోడ్డు గోడ ఎక్కినట్టు ఉంటుంది. రెండో గేరు. కాళ్ల మీదికి హీటర్ నిప్పులు చెరుగుతోంది. చొక్కా సీటుకి అతుక్కుంది. విజిలన్న ఒళ్లో ఫోన్, చేతిలో తువ్వాలు. వాడి చెమట విజిల్ మీదినుంచి కారుతోంది.

"ముల్లు?" అంటుంది ఫోన్.

"ఎర్రగీత కింద."

"ఎంత కింద?"

"వేలు... వేలున్నర."

నా వెనక రెండు బండ్లు హారన్లు కొడుతున్నాయి. పక్కకి తప్పుకోలేదు. పదకొండో మలుపులో ఒక బండి దాటిపోయింది. వాడు తల బయట పెట్టి, "అద్దాలు దించి హీటర్ వేశావా బాబాయ్, జ్వరమా?" అన్నాడు. దాటినవాడు దాటనీ. నాకు కావలసింది వాడి ముందు చేరడం కాదు, చేరడం.

"ముల్లు?"

"లేచింది. అర వేలుంది."

"ఆగొద్దనండి. ఆగితే ఎదురుగాలి పోతుంది. యాక్సిలేటర్ కాస్త వదలమనండి, అంతే."

అప్పటికే వదిలాను. ఇంజన్ గొంతు దిగింది. పన్నెండో మలుపు నడిచేవాడి వేగంతో తిరిగాం. ముల్లు అక్కడే వణుకుతూ నిలబడింది. ఇసుక బస్తా ఒకటి పక్కకి ఒరిగింది. మణికట్టు మండుతోంది. వంతులు, నంబర్లు ఏవీ తలలో లేవు. ఈ ముల్లు ఉంది, ఈ పాదం ఉంది. ఆవిరి చూడాలని కింద పదిహేను మంది కాచుకుని ఉన్నారు. చూపించను.

"ముల్లు?" అన్నది ఈసారి అమ్మాయి గొంతు. వచ్చినట్టుంది.

"వేలు. వేలున్నర. దిగుతోందమ్మా!" విజిలన్న అరిచాడు. తనకి కొడుకు పుట్టినట్టు అరిచాడు.

పద్నాలుగో మలుపు దాటి పై స్టాండులో ఆపాను. ఇంజన్ ఆపకుండా దిగి బానెట్ ఎత్తాను. విజిలన్న నా భుజం మీదినుంచి చూశాడు. వేడి ఉంది. ఆవిరి లేదు. మూత దగ్గర ఒక్క చుక్క కూడా లేదు. వాడు వంగి కిందకూడా చూశాడు. చూడాలి. వాడి పని అది.

"నంబరు నీదే అన్నా," అన్నాడు. చొక్కా పిండుకుంటూ.

"నాదే. నువ్విచ్చింది కాదు."

"సరే, నీదే." ఫోన్ చూపించాడు. "లైన్లోనే ఉన్నాడు. నలభై నిమిషాలైంది. నువ్వే చెప్తావా?"

"ఎక్కిందని చెప్పు."

"ఎక్కిందండీ. ఆవిరి లేదు."

అవతల ఎవరో బల్ల మీద చెయ్యి చరిచిన చప్పుడు. తర్వాత వాడి గొంతు మెల్లగా, "బావ ఏమన్నాడు?"

విజిలన్న నావైపు చూశాడు.

"ఏమీ అనలేదని చెప్పు."

చెప్పాడు. తర్వాత అమ్మాయి ఫోన్ లాక్కుంది. "నాన్నా, సాయంత్రం బండి తీసుకురా. వైర్లు చూసుకోకుండా కలిపింది నేను, తప్పు నాది. ఫ్యాన్లు వెనక్కి మార్చాలి. రోజూ ఇలా హీటర్ వేసుకుని ఎక్కలేవు."

"ఎవరు మారుస్తారు?"

"చట్రం కోసి మళ్లీ అతకాలి. నాకు వెల్డింగు రాదని నీకు తెలుసు."

"తెస్తాను. గేటు దాకా."

"గేటు దాకానే తే. ఎవరు రమ్మన్నారు నిన్ను లోపలికి?" అని పెట్టేసింది. నా కూతురే.

నలభై నిమిషాలు వాడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. షాపులో ఎవరి బండి విప్పి ఉందో, ఎవరు కాచుకుని ఉన్నారో నాకు తెలియదు. నిలబడ్డాడు. అది నిజం. ఆ రెండు గంటల్లోంచి ఈ నలభై నిమిషాలు నేను తీసెయ్యను. అవి వేరు, ఇవి వేరు.

ఇసుక బస్తాలు దించి గోడ పక్కన పెట్టాను. పై స్టాండులో దిగేవాళ్లు ఉన్నారు. ఒక ముసలావిడ, ఆమె కోడలు, పెద్ద సంచి ఒకటి. పై స్టాండువాడు నన్ను చూసి, "నీకు వంతు రేపటినుంచి కదా బాబాయ్?" అన్నాడు.

"ఇవాళ్టినుంచి. అడుగు, ఇక్కడే ఉన్నాడు."

విజిలన్న తల ఊపాడు. ఇంజన్ చల్లబడేదాకా పావుగంట కూర్చున్నాం. ముసలావిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసి, నన్ను చూసి, "ఇది దిగుతుందా నాయనా?" అంది.

"ఎక్కిందమ్మా. దిగడానికేం?"

కూర్చున్నారు. హీటర్ కట్టేశాను. రెండు మలుపులు దిగాక విజిలన్న మెల్లగా అందుకున్నాడు. "ఒక్కమాట అంటాను, తిట్టకు. వాడితో మాట్లాడితే నీకు పోయేదేముందన్నా?"

"నాకు పోవాల్సింది పోయింది."

వెనకనుంచి ముసలావిడ గాలి ఎక్కువగా ఉందంది. కోడలు అద్దం ఎత్తింది. తొమ్మిదో మలుపు దగ్గర ఎక్కుతున్న బండి ఒకటి ఎదురొచ్చింది, పొద్దున టీ గ్లాసు చూపించినవాడిది. రోడ్డు సన్నం. అక్కడ ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. కొండ దారిలో దిగేవాడే ఎక్కేవాడికి దారివ్వాలని రూలు. ఆ కాగితం మీద కూడా నా సంతకం ఉంది. వెనక్కి పోయి రాళ్ల జాగాలోకి బండిని తిప్పి ఆపాను. వాడు పక్కనుంచి ఎక్కుతూ నా బానెట్ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు.